నదిని ఎంతసేపటికోసారి చూడాలి?

ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో అక్షరాలు దిద్దిన మీర్ అహ్మద్ అలీ, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి వచ్చి నిజాం రాష్ట్రానికి చీఫ్ ఇంజినీరయ్యారు. మనకు ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్‌గానే తెలుసు. తెలంగాణలో జులై 11ను ఇంజినీర్ల దినంగా జరుపుకునేది ఆయన పుట్టినరోజు కాబట్టే. మంజీరా నది మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన చేతి మీదుగా లేచింది. నిజామాబాద్ జిల్లాలో వరి, చెరుకు పండించి కొన్ని తరాలకు అన్నం పెట్టిన ప్రాజెక్టు అది.

కట్టిన కొత్తలో ఆ జలాశయంలో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేవి. 1970ల నాటికి 12 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. మిగిలిన చోటంతా మట్టి ఆక్రమించింది. తర్వాత ఎత్తు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చుకున్నారు. ప్రాజెక్టు తలపెట్టినప్పుడు ఏటా 530 ఎకరం అడుగుల పూడిక చేరుతుందని లెక్క వేశారు. ఒక ఎకరం నేల మీద ఒక అడుగు మందాన పరిచినంత మట్టి ఒక ఎకరం అడుగు. జలాశయం నిండాక చేసిన సర్వేల్లో తేలిన అంకె ఏటా 8,725 ఎకరం అడుగులు. అనుకున్నదానికి 16 రెట్ల పైచిలుకు. తుంగభద్రలో 9,796 అనుకుంటే 41,058 తేలింది. హిమాచల్ ప్రదేశ్‌లో భాక్రా, జార్ఖండ్‌లో మైథాన్, ఎక్కడ చూసినా అదే వరస.

ఏళ్ల తరబడి పోగుచేసిన ఒండ్రు కొలతలు చేతిలో లేని కాలంలో వేసిన అంచనాలవి. ఆ పెద్దలను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఈ రోజు మన దగ్గర కంప్యూటర్లున్నాయి. నదిలో ఇసుక, ఒండ్రు ఎలా కదులుతాయో సెకన్ల లెక్కన గణించే సాఫ్ట్‌వేర్‌లున్నాయి. అయినా అంత పెద్ద పొరపాటే మళ్లీ జరగడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడి చాలు. ‘ఎంతసేపటికోసారి ఫలితాలు రాయాలి’ అని అడిగే గడి. దాన్ని అవుట్‌పుట్ ఇంటర్వెల్ అంటారు. చాలామంది ఆ గడిని ఉన్నదున్నట్టు వదిలేస్తారు, లేదా 24 గంటలు అని కొట్టి ముందుకు పోతారు. ఈ వ్యాసమంతా ఆ గడి గురించే.

మట్టి ఒక్కపెట్టున కదులుతుంది

నది మోసేదంతా ఒకే తీరుగా నడవదు. మెత్తని బంకమన్ను నీళ్లలో కలిసిపోయి, నీళ్లతో పాటే సముద్రం దాకా పోతుంది. ఇసుక లేస్తూ పడుతూ గెంతులు వేస్తుంది. గులకరాళ్లు అడుగున దొర్లుతాయి. మన కేంద్ర జలసంఘం వాళ్లు గోదావరి, కృష్ణల మీద నీటి నమూనాలు తీసి, అందులోని రేణువులను మూడు తరగతులుగా విడదీస్తారు. 0.2 మిల్లీమీటర్లకు మించినది ముతక, 0.075కు లోపలిది మెత్తన, మధ్యలోది మధ్యరకం. ఆ నమూనా తీసేది మామూలుగా రోజుకొకసారి, ఉదయంపూట.

ప్రవాహం రెట్టింపైతే ఒండ్రు కూడా రెట్టింపవుతుందని అనుకోవడం సహజం. నది అలా నడవదు. చాలా నదుల్లో ఒండ్రు మోత దాదాపు ప్రవాహపు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపైతే మోత నాలుగింతలు, పదింతలైతే మోత నూరింతలు. అంటే పెద్ద వరద వచ్చిన ఒక్క రోజు, మామూలు రోజులు మూడు నెలలకు పైగా చేసే పనిని చేసేస్తుంది. గోదావరి ఏడాదిలో మోసే ఒండ్రులో దాదాపు అంతా వానాకాలపు నెలల్లోనే కదలడం ఇందుకే. ఆ నెలల్లోనూ కొన్ని రోజులదే పెత్తనం. ఆ రోజుల్లోనూ కొన్ని గంటలదే.

ఎన్ని గంటలన్నది నదిని బట్టి మారుతుంది. గోదావరి దగ్గర ఈ కథ నిదానంగా సాగుతుంది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన వరదలు రోజుల తరబడి ఎక్కి, రోజుల తరబడి దిగాయి. అంత పెద్ద నదిని ఆరు గంటలకోసారి చూసినా చాలావరకు చిక్కుతుంది.

హైదరాబాదు మీదుగా పారే మూసీ అలా కాదు. నాంపల్లిలో, ఆబిడ్స్‌లో పడిన వాన ఏ నాలాలో దిగినా చివరికి చేరేది మూసీకే. నాంపల్లి రైల్వే స్టేషను 1907లో కట్టారు. మరుసటి ఏడాది, 1908 సెప్టెంబరు 28న, దానికి దక్షిణంగా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మూసీ విరుచుకుపడింది. శంషాబాద్ వానమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. చచ్చిపోయినవారు 15,000 మంది దాకా ఉంటారని అంచనా. 1909లో నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ వరదను వెనక్కి లెక్కగట్టారు. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులుంటే, 221 తెగాయని తేల్చారు. వరద ఉధృతి అత్యధికంగా 4,25,000 క్యూసెక్కులని అంచనా వేశారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ నివేదిక ఫలమే. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

చెరువు తెగడమంటే ఏమిటో ఒండ్రు కోణంలో ఆలోచించండి. దశాబ్దాలుగా చెరువు అడుగున పేరుకున్న మట్టి, కట్ట మట్టి, రెండూ ఒక్కసారిగా కింది వాగులో పడతాయి. ఆ కింది చెరువు కూడా తెగితే ఆ మట్టీ తోడవుతుంది. ఇదంతా నిమిషాల్లో, గంటల్లో జరిగిపోయే పని. 24 గంటల వాన మొత్తం చూస్తే వాన ఎంతో తెలుస్తుంది. కట్టలు ఏ గంటలో తెగాయో, బురద అల ఏ గంటలో నగరానికి చేరిందో ఆ అంకె చెప్పలేదు.

లెక్క వేరు, రాత వేరు

ఒండ్రు మోడల్ పని చేసే తీరు స్థూలంగా ఇదీ. నదిని అడ్డంగా కోసిన క్రాస్ సెక్షన్లుగానో, చిన్న చిన్న గడులుగానో విడదీస్తాం. ఒక్కో గడిలో నీరెంత, వేగమెంత, అడుగు మీద నీటి రాపిడి ఎంత అని లెక్కించాలి. ఆ రాపిడికి ఎంత మట్టి లేస్తుందో చెప్పే సూత్రాలున్నాయి. 1948లో జూరిచ్‌లో మేయర్ పీటర్, ముల్లర్‌లు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కొడుకు హాన్స్ ఆల్బర్ట్ 1950లో ప్రచురించిన పద్ధతీ ఉంది. తండ్రి విశ్వాన్ని పట్టుకుంటే కొడుకు జీవితమంతా నది అడుగున కదిలే ఇసుకను పట్టుకున్నాడు. ఏది కష్టమో చెప్పడం తేలిక కాదు. ఆ తర్వాతి మెట్టు, 1920లలో ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త ఫెలిక్స్ ఎక్స్‌నర్ రాసిన లెక్క. ఒక గడిలోకి వచ్చిన మట్టి, అందులోంచి పోయినదానికంటే ఎక్కువైతే అడుగు లేస్తుంది, తక్కువైతే కోసుకుపోతుంది.

ఈ లెక్కను కాలంలో చిన్న చిన్న అంగలుగా వేస్తారు. ఆ అంగ టైమ్ స్టెప్. అది మన ఇష్టానికి ఉండదు. 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు చెప్పిన నియమం ఉంది: ప్రవాహం ఒక గడిని దాటేలోపే లెక్క తర్వాతి అంగ వేయాలి. గడి 100 మీటర్లు, నీరు సెకనుకు 2 మీటర్లు అనుకుంటే అంగ 50 సెకన్లు మించకూడదు. ఏడాదికి ఇలాంటివి 6,30,720 అంగలు.

ప్రతి అంగకూ ఫలితాలన్నీ రాసిపెట్టమంటే ఏమవుతుందో చూద్దాం. లక్ష గడుల మోడల్. ఒక్కో గడికి లోతు, వేగం, రాపిడి, రేణువుల తరగతుల వారీగా ఒండ్రు, అడుగు మట్టం అన్నీ కలిపి 20 అంకెలు. అంకెకు 4 బైట్లు. ఒకసారి రాస్తే 8 మెగాబైట్లు. 6,30,720 సార్లు రాస్తే 5 టెరాబైట్లు దాటుతుంది. గంటకోసారి రాస్తే 70 గిగాబైట్లు, రోజుకోసారైతే మూడు గిగాబైట్లలోపే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ లెక్క వేయడానికి పట్టే సమయం కంటే డిస్కు మీద రాయడానికే ఎక్కువ పట్టే సందర్భాలు కూడా ఉంటాయి. రోజుకోసారి చాలులే అనిపించడానికి ఇదే కారణం. చోటు మిగులుతుంది, ఫైలు తొందరగా తెరుచుకుంటుంది, రోజుకొక బొమ్మ అంటే చూడ్డానికీ తీరుగా ఉంటుంది.

ఇక్కడొక అపోహ తొలగించాలి. అవుట్‌పుట్ తగ్గించినంత మాత్రాన లెక్క పాడైపోదు. లోపల మోడల్ తన 50 సెకన్ల అంగలు వేస్తూనే ఉంటుంది. నది లేస్తుంది, ఇసుక కదులుతుంది, అడుగు కోసుకుపోతుంది. మనకు మాత్రం అది రాసిపెట్టినదే కనపడుతుంది. నాంపల్లి స్టేషనులో గంట కొట్టినప్పుడు మాత్రమే ప్లాట్‌ఫాం వైపు చూసే మనిషికి, రెండు గంటల మధ్యలో వచ్చి వెళ్లిన రైలు లేనట్టే కదా. రైలు వచ్చింది నిజం, దిగినవాళ్లు దిగిందీ నిజం.

దీని తీవ్రత ఎంతో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. కాగితం, పెన్సిలు తీసుకుని పాఠకులూ వేసుకోవచ్చు. ఒక చిన్న నదికి అర్ధరాత్రి 12కు వరద మొదలైందనుకుందాం. తెల్లవారుజామున 3 గంటలకు ఒండ్రు మోత సెకనుకు 600 కిలోలకు ఎక్కింది. ఉదయం 9కి పూర్తిగా తగ్గింది. ఎక్కడం, దిగడం తిన్నని గీతల్లా జరిగాయనుకుంటే, ఆ త్రిభుజం వైశాల్యమే మొత్తం మోత: 9,720 టన్నులు. గంటకోసారి రాసిన అంకెలను కూడినా ఇదే వస్తుంది. ఆరు గంటలకోసారి, అంటే 12కు, 6కు, మళ్లీ 12కు రాసుకుంటే 6,480 టన్నులు తేలుతుంది. మూడో వంతు గల్లంతు. ఇక రోజుకోసారి, ఉదయం 8 గంటలకు మాత్రమే రాస్తే? ఆ క్షణంలో మోత సెకనుకు 100 కిలోలు. రోజంతా అంతే అనుకుని హెచ్చిస్తే 8,640 టన్నులు. పరవాలేదే అనిపిస్తుంది. కానీ అదే వరద రెండు గంటలు ముందొచ్చి ఉంటే 8 గంటలకు నది ఖాళీ, జవాబు సున్నా. రెండు గంటలు ఆలస్యమైతే 8 గంటలకు సెకనుకు 300 కిలోలు, జవాబు 25,920 టన్నులు.

ఒకే వరద, ఒకే మట్టి. జవాబులు మూడు. వాటిలో ఒకటి నిజానికి దగ్గరగా వచ్చిందంటే అది అదృష్టమే. పదేళ్ల వరదలను ఇలా కూడితే పొరపాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చని సర్దిచెప్పుకుంటాం. చిన్న నదిలో పదేళ్ల మట్టి అంతా నాలుగైదు వరదలదే అయినప్పుడు, రద్దు కావడానికి అవి ఎన్నున్నాయి?

ఇంకో చిక్కు. చిన్న పరీవాహకాల్లో ఒండ్రు పతాకస్థాయి, నీటి పతాకస్థాయి ఒకేసారి రావు. తొలి వాన పొలాల మీది వదులు మట్టిని, నాలాల్లో పేరుకున్న చెత్తను ముందే ఊడ్చుకొస్తుంది. నీరు ఇంకా పెరుగుతుండగానే ఒండ్రు దిగడం మొదలవుతుంది. నీటి పతాకస్థాయి చుట్టూ మాత్రమే దట్టంగా రాసుకునేవారు అసలు ఘడియను దాటేసి ఉంటారు. వరద ఎక్కే భాగంలోనే కనీసం పదిసార్లయినా రాయించాలని నా అభిప్రాయం. వరద మూడు గంటల్లో ఎక్కే మూసీలాంటి చోట అది పావుగంటకోసారి, భద్రాచలం దగ్గర గోదావరికి ఆరు గంటలకోసారి. అంకె మారుతుంది, కొలబద్ద మాత్రం వరద ఎక్కే వేగమే.

ఏది గుర్తుంచుకుంటుంది, ఏది మరచిపోతుంది

ఫలితాలన్నిటినీ ఒకే విరామంతో రాయించనక్కర్లేదు. నదిలో కొన్ని సంగతులకు జ్ఞాపకం ఉంటుంది. జలాశయం అడుగు మట్టం అలాంటిది. నిజాంసాగర్‌లో నిన్నటి వరద వేసిన మేట రేపూ అక్కడే ఉంటుంది. నలభై ఏళ్ల పూడికను మోడల్ చేస్తున్నప్పుడు అడుగు మట్టాన్ని నెలకోసారి రాయించినా తప్పు లేదు. నీటి వేగం, రాపిడి, ఒండ్రు గాఢత అలాంటివి కావు, క్షణాలతో పాటు మాయమవుతాయి. వాటిని దట్టంగా రాయించాలి. అయితే నదంతటా అక్కర్లేదు. ఎంచుకున్న కొన్ని చోట్ల చాలు: ఒక గేజి స్టేషను, ఒక వంతెన, జలాశయంలోకి నది దిగే ముఖం.

నెదర్లాండ్స్‌లో రూపొందిన డెల్ఫ్ట్‌త్రీడీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా ముందే ఉంది. మొత్తం పటాన్ని అరుదుగా రాసే ఫైలు ఒకటి, ఎంచుకున్న బిందువుల చరిత్రను దట్టంగా రాసే ఫైలు ఇంకొకటి, మధ్యలో ఆగిపోతే తిరిగి మొదలుపెట్టడానికి వేరొకటి. మూడింటికీ మూడు విరామాలు ఇవ్వవచ్చు. అయినా మూడింటికీ ఒకే అంకె కొట్టిన మోడళ్లు కనపడుతూనే ఉంటాయి.

అడుగు మట్టానికి జ్ఞాపకం ఉంటుందని చెప్పాను. దానికో గట్టి మినహాయింపు ఉంది, అది ప్రాణాల మీదికి వచ్చే మినహాయింపు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు వంతెన స్తంభాల చుట్టూ సుడులు ఇసుకను తవ్వేస్తాయి. వరద తగ్గుతుంటే అదే గుంతలో కొత్త ఇసుక పడి మూసుకుపోతుంది. వరదకు ముందు కొలిస్తే, తర్వాత కొలిస్తే అడుగు ఒకటే మట్టం. మధ్యలో ఆ స్తంభం ఎంత లోతున పట్టు లేకుండా నిలబడిందో ఆ రెండు కొలతలూ చెప్పవు. 1908లో అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపుల్ ఒక్కటే రెండు ఒడ్డులనూ కలిపి నిలిచింది. వంతెన నిలవడం, పడిపోవడం ఆ కొద్ది గంటల మీద ఆధారపడి ఉంటుంది. మన వంతెనల ఇంజినీర్లు ఇప్పటికీ వాడే లేసీ సూత్రం కోత ఎంత లోతుకు పోవచ్చో చెబుతుంది. అది ఏ గంటలో, ఎంతసేపు ఉంటుందో చెప్పడానికి మోడల్ కావాలి. ఆ మోడల్ రోజుకోసారి రాస్తుంటే సూత్రం చెప్పినపాటి కూడా అది చెప్పలేదు.

ఇలాంటి చోట్ల మంచి ఉపాయం, గరిష్ఠాన్ని మోడల్‌నే గుర్తుపెట్టుకోమనడం. ప్రతి అంగలోనూ ఆ గడిలో ఇప్పటిదాకా చూసిన అత్యధిక లోతును, అత్యధిక రాపిడిని సరిచూసుకుంటూ చివరికి ఒకే ఒక్క పటం రాస్తుంది. చోటూ పట్టదు, ఘడియా తప్పిపోదు. మొత్తం ఎన్ని టన్నులు దాటాయన్న ప్రశ్నకూ అంతే. రాసిన అంకెలను మనం తర్వాత కూడే బదులు, లోపలే ప్రతి అంగలో కూడుకుంటూ రమ్మనాలి. పైన చూసిన మూడు జవాబుల గొడవ అప్పుడు ఉండదు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఈ సదుపాయం ఉంటుంది, అడిగి తీసుకోవాలి.

విరామం దట్టమా పలుచనా అన్నది ఒక ప్రశ్న. ఏ క్షణాల్లో పడుతుందన్నది ఇంకో ప్రశ్న. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఆటుపోట్లు 12 గంటల 25 నిమిషాలకోసారి తిరుగుతాయి. రెండు తిరుగుళ్లకు 24 గంటల 50 నిమిషాలు. అక్కడి మోడల్‌ను సరిగ్గా 24 గంటలకోసారి రాయిస్తే, రోజుకు 50 నిమిషాల చొప్పున పోటు జరిగిపోతూ కనిపిస్తుంది. దాదాపు 15 రోజులకు చుట్టు పూర్తవుతుంది. తెరమీద చూసేవారికి ఒండ్రు పక్షం రోజులకోసారి నిదానంగా పెరిగి తగ్గుతున్నట్టుంటుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు కూడా నిజంగా పక్షం రోజుల లయ ఉంది కాబట్టి, చూసినవారు అదే అనుకుని తృప్తి పడతారు. నిజమైన లయ, విరామం పుట్టించిన దొంగ లయ ఒకే వేషంలో ఉంటాయి. జలవిద్యుత్ కేంద్రం కింద ఉన్న నదికీ ఈ చిక్కే. సాయంత్రం కరెంటు వాడకం పెరిగినప్పుడు నీళ్లు వదిలితే, రోజూ ఉదయం 8కి రాసే మోడల్‌కు ఆ నీళ్లు ఏనాడూ కనపడవు. పోటు తిరుగుడును నిలువునా పట్టాలంటే కనీసం గంటకోసారి రాయించాలి.

గోదావరి డెల్టా విషయంలో ఇది పుస్తకాల చర్చ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1971–79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెస్తే, 1990–98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోతుంటే డెల్టా అంచు సముద్రం పాలవుతోంది. మిగిలిన ఆ కొద్ది మట్టి ఏ రోజుల్లో, ఏ పాయలో, ఎంత దూరం వస్తోందో తెలియకుండా కోనసీమ తీరాన్ని కాపాడే పథకం ఏదీ వేయలేం.

వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి కొన్ని మెలికలున్నాయి. ఫ్రాన్స్‌లో పుట్టిన టెలిమాక్‌లో ఫలితాలు ఎన్ని అంగలకోసారి రాయాలో చెబుతాం, ఎన్ని గంటలకోసారి అని కాదు. 60 సెకన్ల అంగకు 60 అని పెడితే గంటకోసారి రాస్తుంది. లెక్క కుదరడం లేదని అంగను 30 సెకన్లకు తగ్గించి, ఆ 60ని మరచిపోతే అరగంటకోసారి రాస్తుంది. ఫైలు రెట్టింపవుతుంది, కాలం అక్షం మీద చూసుకోకపోతే రెండు ఫలితాలను పోల్చి తప్పుదారి పడతాం.

అమెరికా సైనిక ఇంజినీర్ల సంస్థ ఉచితంగా ఇచ్చే హెక్‌రాస్‌లో 2008 నుంచి ఒండ్రు లెక్కలున్నాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా నేర్పేది అదే. అందులో ప్రవాహాన్ని మెట్లు మెట్లుగా ఇచ్చే పద్ధతిలో, లెక్క అంగను మనమే మార్చుకోవచ్చు. ఎండాకాలంలో 24 గంటలు, వరదలో కొన్ని నిమిషాలు. ఫలితాలు రాయడం అక్కడ కూడా అంగల లెక్కనే. ఇది నిజానికి ఒక వరం: వరదలో అంగలు చిన్నవైనకొద్దీ రాతలూ దట్టమవుతాయి, ఎండాకాలంలో వాటంతటవే పలచబడతాయి. అయితే ఆ ఫలితాలను సమానమైన కాలవిరామాలుగా భావించి సగటు తీస్తే, వరద రోజులు పదింతలై కూర్చుంటాయి. సగటు తీసేముందు ఒక్కో అంకెకు దాని కాలవ్యవధిని హెచ్చించాలి.

డెల్ఫ్ట్‌త్రీడీలో అడుగు మార్పులను వేగిరపరిచే గుణకం ఒకటుంది. దాన్ని 24గా పెడితే, నీటి గడియారంలో ఒక గంట గడిస్తే అడుగు గడియారంలో ఒక రోజు గడుస్తుంది. అప్పుడు గంటకోసారి రాసినది అడుగు విషయంలో రోజుకోసారి రాసినట్టే. ఏ గడియారం ప్రకారం రాశామో పక్కన రాయకపోతే మరొకరు ఆ ఫైలును తెరిచి ఏమనుకోవాలి?

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో హైడ్రాలిక్స్ పాఠ్యపుస్తకాలు కనపడుతుంటాయి. వాటిలో ప్రవాహ సూత్రాలు, కాలువల లెక్కలు చక్కగా ఉంటాయి. ఫలితాలు ఎంతసేపటికోసారి రాయాలన్న ప్రశ్న చేత్తో లెక్క వేసే రోజుల్లో పుట్టనేలేదు, ఎందుకంటే వేసిన ప్రతి లెక్కా కాగితం మీదే ఉండేది. కంప్యూటరు వచ్చాకే లెక్క ఒకచోట, కాగితం ఒకచోట అయ్యాయి. పాఠాలు మాత్రం సూత్రాల దగ్గరే ఆగిపోయాయి, ఇది మన కాలేజీల్లో వెంటనే పూడ్చాల్సిన ఖాళీ.

మోడల్ నేర్చుకుంటున్న పిల్లలకు నేను చెప్పే పద్ధతి సులువైనది. మొదట ఒకే ఒక్క వరదను తీసుకుని, రెండు మూడు రోజుల నిడివికి, వీలైనంత దట్టంగా రాయించండి. ఒండ్రు ఎప్పుడు ఎక్కింది, ఎంతసేపు నిలిచింది, అడుగు ఎప్పుడు కోసుకుంది, ఎప్పుడు పూడింది చూడండి. తర్వాత ఆ ఫలితాల్లోంచే ఒకటి విడిచి ఒకటి, మూడు విడిచి ఒకటి తీసుకుంటూ మొత్తం టన్నులు ఎక్కడ మారడం మొదలవుతాయో గమనించండి. ఆ మార్పు మొదలయ్యే చోటికి కాస్త ఇవతలే మీ విరామం ఉండాలి. నలభై ఏళ్ల పరుగు ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ఇందులో పోయేది ఒక పూట. మోడల్ మధ్యలో అంకెలు పేలిపోయి ఆగిపోతే మాత్రం, ఆగిన చోటుకు కొంచెం ముందునుంచి ప్రతి అంగనూ రాయించి చూడండి. ఏ గడిలో, ఏ క్షణంలో చెడిందో అక్కడే దొరుకుతుంది.

మూసీ గురించి, చెరువుల పూడికతీత గురించి, జలాశయాల ఆయుష్షు గురించి ఇప్పుడు నివేదికలు వరసగా వస్తున్నాయి. వాటిలో రంగురంగుల పటాలుంటాయి, ఇన్ని లక్షల టన్నులన్న అంకెలుంటాయి. ఇంజినీర్లకు నా విన్నపం: ఆ అంకె పక్కనే లెక్క ఎన్ని సెకన్ల అంగతో వేశారో, ఫలితం ఎంతసేపటికోసారి రాయించారో, మొత్తాన్ని మోడల్ లోపలే కూడారో బయట కూడారో ఒక్క వాక్యంలో రాయండి. నివేదిక చదివే పౌరులు, విలేకరులు, ప్రజాప్రతినిధులు ఆ వాక్యం కోసం వెతకండి. కనపడకపోతే అడగండి.